ముప్పై డాలర్ల రై: వాసన పట్టి, రుచి చూసి, తీర్పు చెప్పడం ఎలా

కెనడాలో మద్యం షాపుకి వెళ్లి "రై ఎక్కడుంది?" అని అడిగితే కెనడియన్ విస్కీల అర మొత్తం చూపిస్తారు. ఆ అరలో చాలా సీసాల్లో ఎక్కువ భాగం మొక్కజొన్న విస్కీయే. అందులో మోసం ఏమీ లేదు, అక్కడి చట్టమే అలా ఉంది. "కెనడియన్ విస్కీ", "కెనడియన్ రై విస్కీ", "రై విస్కీ" అనే మూడు పేర్లకీ ఒకటే నిర్వచనం. ధాన్యాన్ని ఉడికించి పులియబెట్టడం, బట్టీలో కాచి స్పిరిట్ తీయడం, పీపాల్లో నిల్వ చేయడం అన్నీ కెనడాలోనే జరగాలి. 700 లీటర్లకు మించని చెక్క పీపాల్లో కనీసం 3 ఏళ్లు ఉండాలి. ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. రై అనే ధాన్యపు గింజ ఎంత ఉండాలో మాత్రం ఆ నిబంధనల్లో లేదు. అమెరికాలో రై విస్కీ అని రాయాలంటే ధాన్యంలో కనీసం 51 శాతం రై ఉండాలి.

ఈ పేరు పాతకాలం నుంచి వచ్చింది. 19వ శతాబ్దంలో ఒంటారియో ప్రాంతపు మిల్లుల దగ్గర మిగిలిన గోధుమతో విస్కీ చేసేవాళ్లు. జర్మనీ, హాలండ్ వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లకు అది చప్పగా అనిపించి, కాస్త రై కలిపితే బాగుంటుందన్నారు. ఆ కొద్దిపాటి ఘాటు జనానికి నచ్చింది. తర్వాత ధాన్యాలు మారినా పిలుపు మారలేదు. ఇంకో మాట, హిందీ అలవాటుతో రై అంటే ఆవాలు అనుకోకండి. ఇది గోధుమకు దగ్గరి చుట్టం. ఆల్బర్టా, సస్కచ్వాన్, మానిటోబా మైదానాల్లో శరదృతువులో చల్లితే, మంచు కింద చలికాలమంతా బతికి, వేసవిలో కోతకొచ్చే మొండి పంట.

కాబట్టి తక్కువ ధర రైని తూచేటప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఇది: గ్లాసులో ఆ గింజ కనబడుతోందా, లేక తీపితో, రంగుతో కప్పేశారా? కింద చెప్పే పద్ధతంతా దీనికి జవాబు రాబట్టడానికే.

సీసా ఎంచుకోవడం

మొదటిసారి అయితే రై రుచి ఖచ్చితంగా తెలిసే సీసాతో మొదలుపెట్టండి. నేను కాల్గరీలో ఉంటాను కాబట్టి నా కొలబద్ద ఆల్బర్టా ప్రీమియం. 1946లో కాల్గరీలో మొదలైన ఆల్బర్టా డిస్టిల్లర్స్ వాళ్ల సరుకు ఇది, 1958 నుంచి అమ్ముతున్నారు. అచ్చంగా రై గింజతో చేసే విస్కీగా దశాబ్దాలుగా దీనికి పేరుంది. అచ్చం రైతో పని చేయడం తేలిక కాదు. రై పిండి నీళ్లలో పడితే గంజిలా కాదు, జిగురులా సాగుతుంది. పులిసేటప్పుడు నురగ పొంగిపోతుంది. ఆ జిగురును విడగొట్టడానికి ఈ డిస్టిలరీ తన ఎంజైమ్‌లను తనే తయారు చేసుకుంటుంది. ఇంత శ్రమ పడి చేసిన సరుకు ముప్పై డాలర్ల చుట్టుపక్కల దొరకడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ధర ప్రావిన్సును బట్టి, పన్నును బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది.

కెనడియన్ క్లబ్ 100 శాతం రై అని ఇంకొకటి ఉంది, దాన్నీ ఆల్బర్టా డిస్టిల్లర్స్‌లోనే చేస్తారు. క్రౌన్ రాయల్ నార్తర్న్ హార్వెస్ట్ రై మానిటోబాలో విన్నిపెగ్ సరస్సు పక్కన గిమ్లీ ఊళ్లో తయారవుతుంది. 90 శాతం రై, 45 శాతం ఆల్కహాల్. విమర్శకుడు జిమ్ మర్రే తన 2016 గైడ్‌లో దాన్ని ప్రపంచంలోకెల్లా ఉత్తమ విస్కీ అన్నారు, ఆ వార్త వచ్చాక షాపుల్లో అరలు ఖాళీ అయిపోయాయి. లాట్ నంబర్ 40 ఒంటారియోలోని విండ్సర్‌లో హైరమ్ వాకర్ డిస్టిలరీలో పాట్ స్టిల్ (కుండ ఆకారపు బట్టీ) మీద తీసే రై. ధర కాస్త ఎక్కువ, అయినా ఎప్పుడో ఒకసారి రుచి చూడండి, పోలికకు పనికొస్తుంది.

లేబుల్ మీద మూడు చూడండి: రై శాతం రాశారా, ఆల్కహాల్ ఎంత, ఎన్నేళ్లది. కంపెనీలు మిశ్రమాలు మారుస్తుంటాయి కాబట్టి పాత సీసా మీద చదివింది గుర్తుంచుకుని కొత్తది కొనకండి. ముందు పెట్టె మీదా సీసా మీదా ఉన్నది చదవండి. నమ్మకం కుదరకపోతే 375 మిల్లీలీటర్ల చిన్న సీసా కొనండి, అక్కడి జనం దాన్ని "మికీ" అంటారు. ఆల్బర్టా, మానిటోబా, క్విబెక్‌లలో 18 ఏళ్లు, మిగతా చోట్ల 19 నిండినవాళ్లకే అమ్ముతారు.

పోలిక కోసం రెండో సీసా కూడా కావాలి. మొక్కజొన్న ఎక్కువగా ఉండే మామూలు కెనడియన్ విస్కీ చాలు. ఒక్కదాన్ని ఒంటరిగా రుచి చూస్తే అన్నీ బాగున్నట్టే అనిపిస్తాయి. పక్కన రెండోది ఉంటేనే తేడా బయటపడుతుంది.

ముక్కును సిద్ధం చేసుకోవడం

రుచి చూడడం అంటే ముప్పాతిక భాగం ముక్కు పనే. అందుకే సమయం ముఖ్యం. బిర్యానీ తిన్నాక కాదు, వంటింట్లో పోపు వేసిన గంటలో కాదు, దేవుడి దగ్గర అగరుబత్తి వెలిగించిన గదిలో కాదు. ఘాటైన సబ్బుతో చేతులు కడుక్కుని గ్లాసు పట్టుకుంటే మీకు వచ్చేది సబ్బు వాసనే. నాకు మధ్యాహ్న భోజనమై మూడు గంటలు దాటాక, సాయంత్రం టీకి ముందు సమయం బాగా కుదురుతుంది. మరీ ఖాళీ కడుపుతో మాత్రం వద్దు.

పక్కన మిక్స్చరు, చిల్లీ చికెన్, ఉల్లిపాయ ముక్కలు పెట్టుకోవడం మనకి అలవాటు. ఈ గంటసేపు వాటిని పక్కన పెట్టండి. కారం తగిలిన నాలుకకి రైలోని మిరియాల ఘాటు అసలు తెలియదు. ఉప్పు లేని బిస్కెట్టో, ఉత్త బ్రెడ్డు ముక్కో, మామూలు నీళ్లో ఉంటే చాలు.

గ్లాసు కింద ఉబ్బుగా, పైన మూతి ఇరుకుగా ఉండాలి. గ్లెన్‌కేర్న్ గ్లాసు దీనికోసమే చేశారు. లేకపోతే చిన్న వైన్ గ్లాసు సరిపోతుంది. వెడల్పు మూతి గ్లాసులో వాసన నిలవదు, స్టీలు గ్లాసు అసలు పనికిరాదు.

ఎంత పోయాలి? మన దగ్గర పెద్ద పెగ్గు అంటే 60 మిల్లీలీటర్లు. ఇక్కడ దానితో పని లేదు. 20 మిల్లీలీటర్లు చాలు. కెనడాలో ఒక ప్రామాణిక డ్రింక్ అంటే 40 శాతం ఆల్కహాల్ ఉన్నది 43 మిల్లీలీటర్లు. అంటే ఈ 20 దాదాపు సగం. వారానికి రెండు డ్రింకులకు మించకపోతే ముప్పు తక్కువని ఆ దేశపు 2023 ఆరోగ్య సలహా. దాన్ని దృష్టిలో పెట్టుకుని, ఎక్కువ గ్లాసులు పోల్చే రోజున నేను పుక్కిలించి ఒక కప్పులో ఉమ్మేస్తాను. వృత్తిగా ఈ పని చేసేవాళ్లూ అంతే చేస్తారు. గర్భిణులు, మందులు వాడుతున్నవాళ్లు, తర్వాత కారు నడపాల్సినవాళ్లు ఇందులోకి దిగవద్దు.

రంగు

దీనికి పది సెకన్లు చాలు. కెనడాలో విస్కీకి రంగు కోసం క్యారమెల్ కలపడం చట్టబద్ధం. ముదురు రంగు చూసి పాతది, మంచిది అనుకోవద్దు. గ్లాసు వంచినప్పుడు గోడల మీద జారే చారలను చూసి కూడా తీర్పు చెప్పవద్దు.

వాసన

అసలు పని ఇక్కడుంది, తొందరపడకండి. పోసి పది నిమిషాలు అలా వదిలేయండి. తర్వాత గ్లాసును గడ్డం దగ్గర పెట్టి, నోరు కొంచెం తెరిచి, నెమ్మదిగా పైకి తీసుకురండి. ముక్కు గ్లాసులోకి దూర్చి గట్టిగా పీలిస్తే స్పిరిట్ నషాళానికి అంటుతుంది, ఆ తర్వాత కాసేపటిదాకా ముక్కు పని చేయదు. రెండు మూడు చిన్న పీల్పులు, మధ్యలో మీ చొక్కా చేతి వాసన చూసుకుంటే ముక్కు మళ్లీ సర్దుకుంటుంది.

ఏ వాసన వస్తోందో రాయడానికి విదేశీ పుస్తకాల్లోని మాటలు అరువు తెచ్చుకోకండి. ఎప్పుడూ తినని బెర్రీ పండ్ల పేర్లు రాస్తే అవి మీకే ఉపయోగపడవు. మన వంటింట్లో రైకి సరిపోయే మాటలు కావలసినన్ని ఉన్నాయి. మిరియాలు, లవంగం, శొంఠి, సోంపు, దాల్చిన చెక్క. కొన్నింట్లో సోయకూర తరిగినప్పుడు వచ్చే పచ్చి వాసన, పుదీనా. గింజ వైపు నుంచి చూస్తే కాల్చిన రొట్టె అంచు, దంచిన ధాన్యం, వాన పడ్డ గడ్డివాము. పీపా వైపు నుంచి వనిల్లా, బెల్లం పాకం, కొబ్బరి, కొత్త తలుపు చెక్క. నేను మొదటిసారి ఆల్బర్టా ప్రీమియంను ఐసు లేకుండా, కోలా లేకుండా ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు పోపుల డబ్బా మూత తీసినట్టు అనిపించింది. అప్పటిదాకా రెండేళ్లు అదే విస్కీ తాగి ఉన్నాను.

ఈ లవంగం వాసన ఎక్కడిదో తెలిస్తే గ్లాసు మీద గౌరవం పెరుగుతుంది. రై గింజ పొట్టులో ఫెరూలిక్ ఆమ్లం ఉంటుంది. పులిసేటప్పుడు అందులో కొంత 4-వైనైల్ గ్వాయకాల్ అనే పదార్థంగా మారుతుంది, దానిది లవంగానికి దగ్గరి వాసన. ఇంకో పక్క, కాల్చిన ఓక్ చెక్క నుంచి యూజినాల్ దిగుతుంది. మన లవంగంలో ఉండే పదార్థమే అది. అంటే గింజ, పీపా రెండూ ఒకే దిక్కుకి నడుస్తాయి. అమెరికా రైని తప్పనిసరిగా కాల్చిన కొత్త పీపాల్లో ఉంచాలి కాబట్టి వనిల్లా, పాకం ముందుకొస్తాయి. కెనడాలో వాడిన పీపాలు కూడా వాడవచ్చు. చెక్క గొంతు తగ్గిన చోట గింజ గొంతు వినిపిస్తుంది. తక్కువ ధర కెనడియన్ రైలో నాకు నచ్చేది ఇదే.

ఇప్పుడు పక్కనున్న మొక్కజొన్న విస్కీ వాసన చూడండి. మెత్తగా, తియ్యగా, వెన్న రాసినట్టు ఉంటుంది. వెంటనే మళ్లీ రైకి రండి. ఆ ఎండు ఘాటు ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఈ అటూ ఇటూ నడక ఐదారుసార్లు చేస్తే చాలు, ఇక మీ ముక్కుకి రై తెలిసిపోయినట్టే.

నోట్లో

మొదటి గుక్క లెక్కలోకి రాదు. అది నోటిని అలవాటు చేయడానికే. చిటికెడంత తీసుకుని నాలుకంతా తడిపి మింగేయండి లేదా ఉమ్మేయండి. ఒక నిమిషం ఆగి రెండోది తీసుకోండి, ఐదారు సెకన్లు నోట్లో తిప్పండి. మింగాక నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. అసలు రుచులు ఆ వదిలే గాలిలో తెలుస్తాయి.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది మంట దగ్గర. విస్కీలో మంట రెండు రకాలు. ఆల్కహాల్ మంట నోట్లో పడగానే అంటుకుని గొంతులోకి, ముక్కులోకి పోతుంది, త్వరగా ఆరిపోతుంది, వెనక ఏమీ మిగలదు. రై ఘాటు కాస్త ఆగి వస్తుంది. మిరియాల చారు తాగిన తర్వాత నాలుక మధ్యలో నిలిచే వెచ్చదనంలా పక్కలకు పాకి, కొంతసేపు ఉంటుంది. మొదటిది ఎక్కువై రెండోది లేకపోతే ఆ విస్కీలో గింజ పలచబడిందని అర్థం. రెండూ ఉండి రెండోది గెలిస్తే, చవకదైనా అది మంచి రై.

తర్వాత తీపి చూడండి. కెనడా నిబంధనలు రుచి కోసం కొన్ని పదార్థాలు కలపడానికి అనుమతిస్తాయి. అమెరికాకు పంపే సరుకులో వైను, ఇతర స్పిరిట్ 9.09 శాతం దాకా కలపవచ్చన్న లెక్క ప్రసిద్ధం, అంటే పదకొండో వంతు. కలిపినంత మాత్రాన చెడ్డది కాదు. కానీ గింజ లేని చోటును తీపితో నింపితే నాలుక పట్టేస్తుంది. పెదవులు ఒకదానికొకటి అతుక్కున్నట్టు ఉండడం, వనిల్లా ఎసెన్సు వాసన మొదటి నుంచి చివరి దాకా మారకుండా ఒకేలా ఉండడం గుర్తులు. నిజమైన పీపా తీపి మధ్యలో వచ్చి, వెనక కొంచెం వగరుకి దారిస్తుంది. ఆ వగరు చెక్కది. నేరేడు పండు తిన్నాక నోరు పట్టేసినట్టుగా కాక, లేత జామకాయ అంత ఉంటే సరైన పాళ్లు.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. మన దగ్గర తక్కువ ధర విస్కీల్లో చాలావాటిలో చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్ ఉంటుంది. ఆ తీపికి అలవాటైన నాలుకకి రై పొడిగా, కరుకుగా తగులుతుంది. అది లోపం కాదు, జొన్న రొట్టెకీ మైదా రొట్టెకీ ఉన్న తేడా లాంటిది. నాలుగైదు సార్లు రుచి చూశాకే తీర్పు చెప్పండి.

చివరగా, మింగిన క్షణం నుంచి రుచి ఎంతసేపు నిలుస్తుందో గడియారం చూసి రాసుకోండి. పది సెకన్లలో మాయమైతే పొట్టి ముగింపు. అర నిమిషం ఉంటే ఈ ధరకి చాలా బాగున్నట్టు.

నీళ్లు

20 మిల్లీలీటర్లలో ముందు ఐదారు చుక్కలు వేయండి, స్ట్రాతోనో డ్రాపర్‌తోనో. వాసన చూడండి. తర్వాత ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్లు పోయండి. 40 శాతం ఉన్నది 32కి దిగుతుంది. మంచి రై నీళ్లకి తెరుచుకుంటుంది. మంట తగ్గి సోంపు, రొట్టె, పండు తొక్క లాంటివి కొత్తగా బయటికొస్తాయి. బలహీనమైనది నీళ్లు తగలగానే కూలిపోయి పలచటి చక్కెర నీళ్లలా అవుతుంది. తక్కువ ధర సీసాల మధ్య తేడా తేల్చడానికి ఇంతకంటే నమ్మకమైన పరీక్ష నాకు దొరకలేదు. ఐసు వేస్తే చల్లదనం వాసనని అణిచేస్తుంది కాబట్టి తీర్పు అయ్యేదాకా ఐసు వద్దు.

లోపాలు వెతకడానికి కూడా నీళ్లు కలిపిన గ్లాసే మేలు. గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన, తడిసిన అట్టపెట్టె వాసన, కాలిన రబ్బరు, ఉడికిన క్యాబేజీ. వీటిలో ఏదైనా పది నిమిషాల తర్వాత కూడా పోకపోతే ఆ సీసాకి మార్కులు తగ్గించండి. సీసా తెరిచిన మొదటి రోజు గోళ్ల రంగు వాసన కొంచెం వచ్చి, వారంలో పోవడం మాత్రం నేను చాలాసార్లు చూశాను.

కళ్లు మూసి మళ్లీ

లేబుల్ చూస్తే మనసు ముందే నిర్ణయం తీసేసుకుంటుంది, అది అందరికీ జరిగేదే. అందుకే ఇంట్లో వాళ్ల సాయం తీసుకోండి. మూడు ఒకే రకం గ్లాసులు పెట్టి, వాటి అడుగున ఏ సీసాదో చీటీ అతికించి, రెండింట్లో ఒక విస్కీ, ఒకదాంట్లో రెండోది, ఒక్కోదాంట్లో 10 మిల్లీలీటర్ల చొప్పున పోయమనండి. మీరు ఆ సమయంలో గదిలో ఉండకూడదు. తిరిగొచ్చి, వేరేగా ఉన్న గ్లాసు ఏదో చెప్పాలి. ఊరికే ఊహించినా మూడింట ఒకసారి సరిపోతుంది. అందుకని వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చేయండి. మూడూ ఊహతోనే సరిపోయే అవకాశం 27లో ఒకటి. మూడుసార్లూ పట్టుకున్నారంటే మీ నాలుక చెప్పేది నమ్మవచ్చు. పట్టుకోలేకపోతే ఆ రెండు సీసాల్లో తక్కువ ధరది కొనుక్కోండి, డబ్బు మిగులుతుంది.

నేను మొదటిసారి చేసినప్పుడు, బాగుందని నలుగురికీ చెప్పిన ఖరీదైన సీసా కంటే ఆల్బర్టా ప్రీమియంకి ఎక్కువ మార్కులు వేశాను. అప్పటి నుంచి చీటీలు అతికించకుండా ఏ సీసా గురించీ మాట్లాడడం మానేశాను.

జింజర్ ఏల్‌తో

చవక రైని ఉత్తదే తాగి తీర్పు చెప్పేస్తే సగం పనే అయినట్టు. కెనడా బార్లలో "రై అండ్ జింజర్" అనేది రోజువారీ మాట, ఈ ధర సీసాలు ఎక్కువగా ఖర్చయ్యేది అలానే. ఒక వంతు రైకి మూడు వంతులు జింజర్ ఏల్ (అల్లం రుచి ఉన్న తీపి సోడా), ఐసు, నిమ్మ చెక్క. ఇక్కడ అడగాల్సింది ఒక్కటే: అల్లం, చక్కెర మధ్యలో రై ఇంకా వినిపిస్తోందా? రై ఎక్కువున్న విస్కీ అల్లంతో చేయి కలిపి ఘాటు పెంచుతుంది. మొక్కజొన్నది అందులో కరిగిపోయి, వట్టి తీపి డ్రింకు మిగులుతుంది. ఉత్తగా కొంచెం కరుకుగా అనిపించిన సీసా ఇందులో మెరిసిపోవడం తరచుగా జరుగుతుంది. ఆ రెండు మార్కులూ విడిగా రాయండి, కలిపి సగటు తీయకండి.

రాసుకోవడం

చిన్న పుస్తకం పెట్టుకోండి. తేదీ, సీసా, ధర, ఆల్కహాల్ శాతం, వాసనలో మూడు మాటలు, రుచిలో మూడు మాటలు, ముగింపు ఎన్ని సెకన్లు, నీళ్లు పోస్తే ఏమైంది, జింజర్ ఏల్‌తో ఎలా ఉంది. చివర్లో ఒక్క ప్రశ్నకి జవాబు: ఇదే ధరకి మళ్లీ కొంటానా? సీసా సగానికి వచ్చాక, అంటే ఒకటి రెండు నెలలకి, లోపలికి గాలి చేరి రుచి కొంత మారుతుంది. అప్పుడు మళ్లీ చూసి అదే పేజీలో కింద రాయండి.

నా పుస్తకంలో ఆల్బర్టా ప్రీమియం పేజీలో ఇలా ఉంది: "మిరియాలు, సోంపు, రొట్టె అంచు. తీపి తక్కువ, చివర్లో లేత వగరు. 25 సెకన్లు. టీస్పూను నీళ్లతో లవంగం పైకొచ్చింది, కూలిపోలేదు. జింజర్ ఏల్‌తో ఇంకా బాగుంది. సగం సీసా అప్పుడు: మంట తగ్గింది, సోంపు పెరిగింది. మళ్లీ కొంటాను."